పాల్ ద వివీ

పాల్ ద వివీ (1853 ఏప్రిల్ 29 - 1930) ఫ్రాన్సు దేశానికి చెందిన పత్రికా సంపాదకుడు, సైకిళ్ల తయారీదారు, యాత్రికుడు. వెలోసియో అనే కలం పేరుతో ప్రసిద్ధుడు. సైకిలుకు ఒకటి కంటే ఎక్కువ గేర్లు ఉండాలని దశాబ్దాల పాటు వాదించి, స్వయంగా ప్రయోగాలు చేసి నిరూపించాడు. సైకిలు పందేల కోసమే కాదని, సామాన్యులు ఉల్లాసంగా ఊళ్లు తిరగడానికి కూడా అది సాధనమని ప్రచారం చేసిన ఈయనను ఫ్రెంచి సైకిలు యాత్రలకు ఆద్యుడిగా పరిగణిస్తారు.

జననం, వృత్తి

ద వివీ దక్షిణ ఫ్రాన్సులోని వోక్లూజ్ ప్రాంతంలో పెర్న్ అనే ఊరిలో జన్మించాడు. ప్రాచీన సాహిత్యంపై మక్కువతో పెరిగాడు. పట్టు పరిశ్రమలో పని నేర్చుకొని, ముప్పై ఏళ్లు నిండక ముందే సొంతంగా పట్టు వ్యాపారం ప్రారంభించాడు. ఆయన స్థిరపడిన సెయింట్ ఎటియెన్ పట్టణం బొగ్గు గనులకు, ఆయుధాల తయారీకి, రిబ్బన్ల నేతకు పేరుపొందింది. చుట్టూ కొండలున్న ఈ పట్టణం తరువాతి కాలంలో ఫ్రాన్సు సైకిలు పరిశ్రమకు ముఖ్య కేంద్రమైంది.

సైకిలుతో పరిచయం

1881లో ద వివీ తన మొదటి సైకిలు కొన్నాడు. అది ముందు చక్రం చాలా ఎత్తుగా, వెనుక చక్రం చిన్నదిగా ఉండే పాతకాలపు సైకిలు. దాని పెడళ్లు ముందు చక్రానికే అమర్చి ఉండేవి. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం కూడా ఒక చుట్టే తిరిగేది. అందువల్ల వేగం కావాలంటే చక్రాన్ని పెద్దది చేయడం తప్ప మరో మార్గం లేదు.

వ్యాపార పనులపై ఇంగ్లండుకు వెళ్లినప్పుడు కోవెంట్రీ నగరంలోని సైకిలు కర్మాగారాలను చూసి ఆకర్షితుడయ్యాడు. 1885లో అదే నగరంలో జాన్ కెంప్ స్టార్లీ రూపొందించిన రోవర్ సైకిలులో రెండు చక్రాలు దాదాపు సమానంగా ఉండి, గొలుసు వెనుక చక్రాన్ని తిప్పేది. నేటి సైకిళ్లకు మూలం ఈ నమూనాయే. గొలుసు రావడంతో, పళ్లచక్రాలను మార్చి ఒకే సైకిలును తేలికగానో బరువుగానో తొక్కే అవకాశం ఏర్పడింది. ద వివీ జీవితకాలపు కృషి ఈ అవకాశం చుట్టూనే సాగింది.

పత్రిక, సైకిళ్ల తయారీ

1887లో పట్టు వ్యాపారాన్ని అమ్మివేసి, సెయింట్ ఎటియెన్‌లో సైకిళ్ల దుకాణం తెరిచాడు. అదే ఏడాది ఒక పత్రికను కూడా ప్రారంభించాడు. అది 1888 నుండి లె సిక్లిస్త్ అనే పేరుతో వెలువడింది. పాఠకుల యాత్రానుభవాలు, యంత్రభాగాల పరీక్షలు, వాదప్రతివాదాలు ఇందులో వచ్చేవి. సంపాదకుడు తన సైకిలుపై తానే చేసిన పరీక్షల ఫలితాలను ప్రకటించేవాడు. మొదట ఇంగ్లండు నుండి సైకిళ్లను దిగుమతి చేసుకున్నా, 1889లో లా గొల్వాజ్ అనే సొంత సైకిలును తయారుచేశాడు. దానికి ఒకటే గేరు ఉండేది.

గేర్ల ప్రయోగాలు

సెయింట్ ఎటియెన్ నుండి దక్షిణంగా వెళ్లే దారి 1161 మీటర్ల ఎత్తున ఉన్న రిపబ్లిక్ కనుమను దాటుతుంది. 1903లో జరిగిన మొట్టమొదటి టూర్ ద ఫ్రాన్స్ పందెం కూడా ఈ కనుమ మీదుగానే సాగింది. ద వివీ ఈ దారిని తన ప్రయోగశాలగా చేసుకున్నాడు. ఒకసారి ఆయన ఈ ఎత్తు ఎక్కుతూ ఆయాసపడుతుండగా, పత్రిక పాఠకుడొకడు పైపు పీలుస్తూ తీరికగా దాటిపోయాడని చెబుతారు. గేరు తగ్గిస్తే ఎత్తు సులభంగా ఎక్కవచ్చునని, అయితే అదే గేరుతో సమతలంపై వేగం తగ్గిపోతుందని ఆయన గ్రహించాడు. రెండు ప్రయోజనాలూ ఒకే సైకిలులో కావాలంటే దారిలోనే గేరు మార్చగలగాలి.

ఈ సూత్రాన్ని ఒక లెక్కతో అర్థం చేసుకోవచ్చు. పెడళ్ల వద్ద 48 పళ్లు, వెనుక 16 పళ్లు ఉంటే పెడలు ఒక చుట్టుకు చక్రం మూడు చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లైతే సైకిలు 6.3 మీటర్లు ముందుకు పోతుంది. రెండు చోట్లా 24 పళ్లే ఉంటే 2.1 మీటర్లే పోతుంది. కాని కాలిపై పడే భారం మూడో వంతుకు తగ్గుతుంది.

ద వివీ తొలి ఏర్పాటులో పెడళ్ల వద్ద రెండు పళ్లచక్రాలు ఉండేవి. గొలుసును ఒకదాని నుండి మరొకదానికి చేత్తో మార్చవలసి వచ్చేది. తరువాత నాలుగు గేర్ల ఏర్పాటు చేశాడు. గొలుసును పక్కకు జరిపే డిరైలర్ అనే పరికరానికి ఆయన ఒక్కడే సృష్టికర్త కాదు. అయితే ఇంగ్లండులోను, ఫ్రాన్సులోను వచ్చిన ప్రతి నమూనాను పరీక్షించి, లోపాలను వివరించి, ఇతర తయారీదారులను ప్రోత్సహించాడు. అదే పట్టణానికి చెందిన జోనీ పనెల్ తయారుచేసిన లె షెమినో డిరైలర్ ఈ వాతావరణంలోనే రూపొందింది. టైర్ల విషయంలోనూ ద వివీది భిన్నమైన అభిప్రాయం. గతుకుల దారిలో సన్నని గట్టి టైరు కంటే వెడల్పాటి మెత్తని టైరే మేలని, అది వేగాన్ని తగ్గించదని ఆయన వాదించాడు.

దెగ్రాంజ్‌తో వివాదం

ద వివీ అభిప్రాయాలను అందరూ అంగీకరించలేదు. లోటో పత్రిక సంపాదకుడు, టూర్ ద ఫ్రాన్స్ నిర్వాహకుడు అయిన హెన్రీ దెగ్రాంజ్ గేర్లను తీవ్రంగా వ్యతిరేకించాడు. 1902లో టూరింగ్ క్లబ్ సంస్థ పర్వత మార్గాలలో సైకిళ్లకు ఒక పరీక్ష నిర్వహించింది. మార్త్ ఎస్ అనే మహిళ గేర్లున్న గొల్వాజ్ సైకిలుపై ఆ మార్గాన్ని విజయవంతంగా పూర్తిచేసింది. అయినా గేర్లు నలభై ఐదేళ్లు దాటినవారికే తగినవని, యంత్రం కంటే కండబలంతో గెలవడమే గొప్ప అని దెగ్రాంజ్ రాశాడు.

ఈ వివాదంలో ఇద్దరి లక్ష్యాలు వేరు. దెగ్రాంజ్ దృష్టిలో సైకిలు శక్తిపరీక్షకు సాధనం. ద వివీ దృష్టిలో అది వృద్ధులు, స్త్రీలు, బలహీనులు సైతం కొండలు దాటి లోకం చూడడానికి సాధనం. టూర్ ద ఫ్రాన్స్‌లో పోటీదారులందరికీ డిరైలర్ వాడే అనుమతి 1937లో లభించింది. అప్పటికి ద వివీ మరణించి ఏడేళ్లయింది.

యాత్రలు, నియమాలు

ద వివీ శాకాహారి. ఎస్పెరాంటో భాషాభిమాని. రాత్రింబవళ్లు తొక్కుతూ వందల కిలోమీటర్ల యాత్రలు చేసేవాడు. ఈస్టర్ పండుగకు మిత్రబృందంతో ప్రోవాన్స్ ప్రాంతానికి వెళ్లడం ఆయనకు ఆనవాయితీ. యాత్రికుల కోసం ఆయన చెప్పిన ఏడు నియమాలు నేటికీ ప్రచారంలో ఉన్నాయి. వాటి సారాంశం ఇది:

* మజిలీలు తక్కువగా, కొద్దిసేపు మాత్రమే ఉండాలి.
* ఆకలి వేయక ముందే తినాలి, దాహం వేయక ముందే తాగాలి.
* ఆకలి, నిద్ర నశించేటంతగా అలసిపోరాదు.
* చలి వేయక ముందే దుస్తులు వేసుకోవాలి, ఉక్క పోయక ముందే తీసివేయాలి.
* కనీసం యాత్ర సాగినంత కాలం మద్యం, మాంసం, పొగాకు మానాలి.
* ముఖ్యంగా తొలి గంటల్లో శక్తికి మించి తొక్కరాదు.
* గొప్ప కోసం తొక్కరాదు.

మరణం

1930లో సెయింట్ ఎటియెన్ వీధిలో వాహనాన్ని తప్పించుకొనబోయి ట్రాము ఢీకొనడంతో ద వివీ మరణించాడు. లె సిక్లిస్త్ పత్రిక ఆయన అనంతరం కూడా కొనసాగింది. రిపబ్లిక్ కనుమ వద్ద ఆయన స్మారక చిహ్నం ఉంది. ఆయన గౌరవార్థం 1922లో మొదలైన వెలోసియో దినోత్సవంలో సైకిలు యాత్రికులు ఈ కనుమను ఎక్కుతారు. 1947లో ప్రారంభమైన ఫ్లెష్ వెలోసియో యాత్రలో జట్లు 24 గంటల్లో కనీసం 360 కిలోమీటర్లు తొక్కాలి.

నేటి సైకిళ్లపై ప్రభావం

1970వ దశకంలో కాలిఫోర్నియాలో కొండదారుల కోసం మౌంటెన్ బైక్ రూపొందినప్పుడు, దాని నిర్మాతలు పాత లావుటైర్ల సైకిళ్లకు డిరైలర్ గేర్లు అమర్చారు. వెడల్పు టైరు, తేలిక గేరు అనే రెండు అంశాలూ ద వివీ ఎంతో ముందుగా సమర్థించినవే. తరువాత వచ్చిన హైబ్రిడ్ సైకిలు మౌంటెన్ బైక్ లాగా నిటారుగా కూర్చునే వీలును, రోడ్డు సైకిలు లాగా పెద్ద చక్రాలను కలిపింది.

వ్యాయామానికో విహారానికో సైకిలు కొనేవారు ఈ రెండింటిలో ఒకదానిని ఎంచుకోవలసి వస్తుంది. హైబ్రిడ్ టైర్లు సాధారణంగా 32 నుండి 45 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటాయి. మౌంటెన్ బైక్ టైర్లు 50 మిల్లీమీటర్లకు మించి, గరుకైన బుడిపెలతో ఉంటాయి. ఆ బుడిపెలు మట్టిలో పట్టునిస్తాయి కాని తారు రోడ్డుపై లాగుడును పెంచుతాయి. ముందు ఫోర్కులోని స్ప్రింగులు రాళ్ల దెబ్బను తగ్గిస్తాయి. అయితే బరువును పెంచి, ఎత్తు ఎక్కేటప్పుడు శ్రమలో కొంత భాగాన్ని మింగివేస్తాయి. కాబట్టి ఎక్కువగా రోడ్డుపై, అప్పుడప్పుడు పొలంగట్ల దారిలో తిరిగేవారికి హైబ్రిడ్ చాలు. రాళ్లు, వేళ్లు, వదులు మట్టి ఉన్న కొండదారుల్లో తరచు తిరిగేవారికి మౌంటెన్ బైక్ తగినది. రెండింటిలోనూ ముందుగా చూడవలసింది వెళ్లే దారికి, తొక్కేవారి శక్తికి సరిపోయే తేలిక గేరు ఉన్నదా అన్నదే. ద వివీ తన పాఠకులకు నేర్పిన పద్ధతి ఇదే.