ఎపిక్టీటసు చరిత్రము

ఓర్పు మేలనియు, సంపద నిలువదనియు, మరణము తప్పదనియు బోధించు సామెతలు లేని దేశము లేదు. మన తల్లులును ఓర్చినవారికిఁ దేటనీరు దొరకునని చెప్పి బిడ్డల యాత్రమును మాన్పుచుందురు. కాని యీ మాటలు నోటికి వచ్చినంత సులభముగా నడవడికి రావు. అంతియకాక, ఓర్పు నుపదేశించువాఁడు సుఖములోను, ఓర్వవలసినవాఁడు కష్టములోను ఉండుట లోకమున సాధారణము. కాఁబట్టి ఓర్పును ముందుగాఁ దన దేహముమీఁదనే పరీక్షించుకొని పిమ్మట నితరులకు బోధించిన యొక బానిస చరిత్రము మనము తెలిసికొనఁదగియున్నది.

ఎపిక్టీటసు క్రీ. శ. 50వ సంవత్సర ప్రాంతమున, నేఁడు టర్కీదేశములోఁ జేరియున్న హైరాపొలిసు పట్టణమున జన్మించెను. గ్రీకుభాషలో నా పేరునకు సంపాదింపఁబడినవాఁడని యర్థము. మనుష్యునకు వస్తువుపేరు పెట్టుట యా కాలపు బానిసత్వమున వింతగాఁ దోఁచలేదు. ఇతని యజమానుఁడు రోమునగరమున నీరోచక్రవర్తి కొలువులో నుండిన ఎపాఫ్రొడిటసు. అతఁడును ఒకప్పుడు బానిసయై విడుదల పొందినవాఁడే.

ఎపిక్టీటసు కుంటివాఁడు. యజమానుఁడు కాలు మెలిపెట్టుచుండఁగా, అది విఱుగునని యితఁడు శాంతముగాఁ జెప్పెననియు, విఱిగిన పిమ్మటను కోపింపలేదనియు నొక కథ కలదు. రోగముచేతనే కుంటివాఁడయ్యెనని చెప్పినవారును గలరు. కారణ మేదైనను, ఆ కుంటితనమును గూర్చి యితఁడు జీవితాంతమువఱకును మొఱపెట్టుకొనలేదు. తనవంటి కుంటి ముసలివానికి దేవుని స్తుతించుటకంటెఁ దగిన పని లేదని మాత్రము చెప్పుకొనెను.

బానిసగా నున్నప్పుడే ముసోనియసు రూఫసు అను తత్త్వవేత్తయొద్ద విద్య నభ్యసించి, తరువాత స్వేచ్ఛను బొంది, రోములో బోధింప నారంభించెను. క్రీ. శ. 90వ సంవత్సర ప్రాంతమున డొమిషియను చక్రవర్తి తత్త్వవేత్తలను నగరమునుండి వెడలఁగొట్టెను. ఎపిక్టీటసు పశ్చిమ గ్రీసులోని నికొపొలిసునకుఁ బోయి పాఠశాలను స్థాపించెను. దేశబహిష్కారమునుగూడ నితఁడు శత్రువుగా నెంచలేదు.

ఇతని బోధకు మూల మొక్కటియే. మన యభిప్రాయములు, కోరికలు మన స్వాధీనములు. దేహము, ధనము, కీర్తి, అధికారము మన స్వాధీనములు కావు. స్వాధీనములోనివానిని దిద్దుకొని, కానివానిని శాంతముతో స్వీకరింపవలెను. విందులోఁ గూర్చున్నవాఁడు వడ్డన తనయొద్దకు వచ్చువఱకుఁ జేయి చాపక యుండునట్లు బ్రదుకవలెనని యితఁడు చెప్పెను. బిడ్డయైనను ధనమైనను పోయినప్పుడు పోఁగొట్టుకొంటినని యేడ్వక, ఇచ్చినవానికిఁ దిరిగి యిచ్చితినని యనుకొనవలెనని నేర్పెను.

ఇతని యింట నినుపదీప మొకటి యుండెను. దానిని దొంగ యెత్తికొనిపోఁగా, ఉన్నదానినే కదా పోఁగొట్టుకొందుమని తలంచి, మట్టిదీపముతోఁ దృప్తిపడెను.

అయితే యీ యోర్పు చలనము లేని యోర్పు కాదు. వేడినీళ్లకు మాఱుగా గోరువెచ్చని నీళ్లు తెచ్చిన బానిసపైఁ గోపించు యజమానునకు, ఆ బానిసయు ఒకే దేవుని సంతతియై తనకు సోదరుఁడగునని యితఁడు జ్ఞాపకము చేసెను. బానిసత్వమునే రద్దుచేయవలెనని మాత్ర మితఁడు పోరాడలేదు; ఆ కొఱఁతను మనము దాఁచరాదు. వార్ధకమున నితని మిత్రుఁడొకఁడు బీదఱికముచేతఁ దన శిశువును విడిచిపెట్టఁబోఁగా, అంతవఱకు నొంటరిగా నుండిన యెపిక్టీటసు ఆ బిడ్డను తెచ్చుకొని, దానిని సాఁకుటకొక స్త్రీని గూడ నింటఁ జేర్చుకొనెను. తన కాలినొప్పిని ఓర్చినవాఁడు పరుల బిడ్డ యాఁకలిని ఓర్వఁజాలకపోయెను.

ఎపిక్టీటసు క్రీ. శ. 135వ సంవత్సర ప్రాంతమున మృతినొందెను. గ్రంథ మేదియు వ్రాయలేదు. శిష్యుఁడైన అరియను వ్రాసియుంచిన ప్రసంగములలో నాలుగు భాగములును, చిన్న సంగ్రహ మొకటియు మిగిలియున్నవి. మార్కసు అరీలియసు చక్రవర్తి యీ బానిస మాటలను చదివి, వానిని దనకుఁ జూపిన గురువునకుఁ గృతజ్ఞతను దెలిపెను.

ఇతని మరణానంతరము ఆ మట్టిదీపమును, దాని వెలుఁగునఁ జదివినచో జ్ఞానము వచ్చునను నాశతో, ఒకఁడు మూఁడువేల ద్రాఖ్మములిచ్చి కొనెనని లూషియను వ్రాసి పరిహసించెను. సామెతలను వల్లించి యాచరింపని మనమును ఆ దీపమును కొన్నవారమే. తనకు వచ్చిన కష్టమును ఓర్చుట ధర్మము. ఎదుటివానికి వచ్చిన కష్టమును ఓర్చి యూరకుండుట ధర్మము గాదు. ఆయువు స్వల్పమని తెలిసినవాఁడు ఈ భేదమును నేఁడే గ్రహించి, రేపటికి వాయిదావేయక నడచుకొనవలెను.