ఇంద్రియముల సాక్ష్యమును పరీక్షించిన హెల్మ్‌హోల్ట్జ్

కన్ను, చెవి, చర్మము తెచ్చు వార్తలు వేరువేరు. మనకు గోచరించు ప్రపంచము మాత్రము ఒక్కటి. ఇది యెట్లు సాధ్యమగుచున్నది? తత్త్వవేత్తలు తర్కించుచు వచ్చిన ఈ ప్రశ్నను ప్రయోగశాలకు తెచ్చినవారిలో అగ్రగణ్యుడు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్.

అతడు 1821 ఆగస్టు 31న ప్రష్యా రాజ్యమునందలి పోట్స్‌డామ్ నగరమున ఒక ఉపాధ్యాయుని ఇంట జన్మించెను. భౌతికశాస్త్రముపై మక్కువ మెండు. కాని తండ్రి జీతము ఆ చదువునకు చాలలేదు. సైన్యమున వైద్యులుగ పనిచేయుటకు ఒప్పుకొన్నవారికి ప్రభుత్వము ఉచితముగ వైద్యవిద్య నేర్పుచుండెను. ఆ నియమమునకు లోబడి అతడు 1838లో బెర్లిన్ చేరెను. అచట యొహానెస్ ముల్లర్ అతనికి గురువయ్యెను.

నాడులలో వార్త ప్రసరించు వేగమును కొలుచుట మానవసాధ్యము కాదని ముల్లర్ తలచెను. శిష్యుడు 1850లో, కోనిగ్స్‌బర్గ్‌లో ఆచార్యుడుగ నున్నపుడు, కప్ప నాడిపై ప్రయోగించి ఆ వేగము సెకనుకు సుమారు 27 మీటర్లని తేల్చెను. తలపునకును దేహచలనమునకును నడుమ వ్యవధి కలదను మాట అతని తండ్రికే తొలుత మింగుడుపడలేదు. మరుసటి యేడు కంటిలోపలి పొరలను పరీక్షించు ఆఫ్తాల్మోస్కోపును అతడు లోకమునకు వెల్లడించెను.

1867లో ముగిసిన దృష్టిశాస్త్ర గ్రంథమున అతడు తన సిద్ధాంతమును వివరించెను. నాడులు మోసికొనివచ్చునవి గుర్తులు మాత్రమే. వానిని పూర్వానుభవముతో సరిచూచి మనస్సు మనకు తెలియకయే అర్థము నిర్ణయించును. ఇందుకు పట్టకపు అద్దముల ప్రయోగము నిదర్శనము. వానిని ధరింపగా వస్తువులు ప్రక్కకు జరిగినట్లు కనబడును. వస్తువును చూచి, కన్నులు మూసి చేయి చాచినచో గురి తప్పును. కొంతసేపు తన చేతిని చూచుచు వస్తువులను తాకిన పిమ్మట గురి కుదురును. అద్దములు తీసివేసినంతనే చేయి రెండవవైపునకు తప్పును! కంటి చూపునకును చేతి స్పర్శకును గల పొందిక అనుభవముచే మారునని దీనివలన తేటపడెను.

స్థలజ్ఞానము జన్మసిద్ధమని ఎవాల్డ్ హెరింగ్ ఎదురు వాదించెను. ఆ వివాదము వారి జీవితకాలమున తీరలేదు. పేదరికముచే దూరమైన భౌతికశాస్త్రమునకే 1871లో బెర్లిన్‌లో ఆచార్యుడైన హెల్మ్‌హోల్ట్జ్ 1894 సెప్టెంబరు 8న కన్నుమూసెను.

1980వ దశకమున అమెరికాలో బారీ స్టైన్, అలెక్స్ మెరిడిత్ పిల్లుల మెదడును పరిశీలించిరి. మధ్యమస్తిష్కమునందలి సుపీరియర్ కాలిక్యులస్ అను భాగమున చూపు, వినికిడి, స్పర్శ వార్తలను కలిపి అందుకొను కణములు కలవు. వెలుగును ధ్వనియు ఒకే తావునుండి ఒకే సమయమున వచ్చినపుడు, వానిలో కొన్ని, విడివిడి స్పందనల మొత్తముకంటెను అధికముగ స్పందించెను. పుట్టుకనుండి చీకటిలో పెరిగిన పిల్లులలో అట్టి కణములు ఏర్పడినను, వార్తలను మేళవించు నేర్పు వానికి అలవడలేదని 2004లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది.

కణములను ప్రకృతి సమకూర్చును. వానికి పొత్తు నేర్పునది అనుభవము. హెరింగ్ వాదమున కొంత నిజము లేకపోలేదు. కాని బడిలో పిల్లవానికి బొమ్మను చూపుటతో తృప్తిపడక వస్తువును చేతికిచ్చు ఉపాధ్యాయుడు, తెలిసియో తెలియకయో, హెల్మ్‌హోల్ట్జ్ చూపిన త్రోవనే నడచుచున్నాడు.