యోహాన్ నాటరర్

యోహాన్ నాటరర్ (నవంబరు 9, 1787 - జూన్ 17, 1843) ఆస్ట్రియాకు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త, యాత్రికుడు. 1817 నుండి 1835 వరకు బ్రెజిల్‌లో ఉండి జంతు నమూనాలను సేకరించాడు. పక్షుల సేకర్తగా ప్రసిద్ధి చెందినా, దక్షిణ అమెరికా వరద మైదానాలలోని మంచినీటి చేపల గురించి, వాటి పరాన్నజీవుల గురించి తొలినాటి పరిజ్ఞానంలో చాలా భాగం ఈయన సేకరణ నుండే లభించింది.

తొలి జీవితం

నాటరర్ వియన్నా సమీపంలోని లాక్సెన్‌బర్గ్‌లో జన్మించాడు. తండ్రి జోసెఫ్ చక్రవర్తి కొలువులో వేట డేగల సంరక్షకుడు. ఆ కాలంలో వియన్నా రాజ మ్యూజియంలో బ్రెమ్సర్ తదితరులు జంతువుల శరీరాలలో జీవించే పురుగులను పెద్దఎత్తున సేకరిస్తుండేవారు. వేటాడిన జంతువు చర్మాన్నే కాక లోపలి పురుగులను కూడా భద్రపరచే ఈ పద్ధతిని నాటరర్ బ్రెజిల్‌లోనూ పాటించాడు.

బ్రెజిల్ యాత్ర

1817లో ఆస్ట్రియా రాకుమారి లియోపోల్డినాకు పోర్చుగల్ యువరాజు పెడ్రోతో వివాహం జరిగిన సందర్భంగా బ్రెజిల్‌కు ఒక శాస్త్రజ్ఞుల బృందాన్ని పంపారు. 1821లో బృందాన్ని వెనక్కు పిలిచినప్పటికీ నాటరర్ అక్కడే ఉండిపోయాడు. మాటో గ్రాసో ప్రాంతంలో తీవ్రంగా జబ్బుపడ్డాడు. సహాయకుడు డొమినిక్ సోచోర్ 1826లో మరణించాడు. కోలుకున్న తరువాత నాటరర్ 1829లో గ్వాపోరే, మదీరా నదుల మీదుగా అమెజాన్ చేరి, రియో నెగ్రో ప్రాంతంలో సేకరణ కొనసాగించాడు.

చేపలు, పరాన్నజీవులు

మధ్య అమెజాన్‌లో నదీమట్టం ఏటా సుమారు 10 మీటర్లు పెరిగి తగ్గుతుంది. వరద కాలంలో చేపలు మునిగిన అడవులలోకి వెళ్ళి పండ్లు, నత్తలు, పురుగులు తింటాయి. నీరు తగ్గగానే మడుగులలో గుమిగూడుతాయి. వాటి కోసం కొంగలు, కేమన్ మొసళ్ళు చేరుతాయి. అనేక పరాన్నజీవులు నత్తల నుండి చేపలకు, చేపల నుండి పక్షులకు, మొసళ్ళకు ఈ మార్గంలోనే చేరి జీవితచక్రాన్ని పూర్తిచేసుకుంటాయి.

నాటరర్ 1,600కు పైగా చేపలను, సుమారు 1,700 సీసాల పురుగులను వియన్నాకు పంపాడు. ఎండాకాలంలో బురదలో దాగే ఊపిరితిత్తుల చేప లెపిడోసైరన్‌ను ఈయన నమూనాల ఆధారంగా ఫిట్జింగర్ 1837లో వర్ణించాడు. నాటరర్ పంపిన నదీ చేపలపై హెకెల్ 1840లో గ్రంథం ప్రచురించాడు. పురుగులను కార్ల్ డీసింగ్ వర్ణించాడు.

చివరి రోజులు

1835లో బెలెం నగరంలో జరిగిన తిరుగుబాటులో నాటరర్ సామగ్రి కొంత దోపిడీకి గురయింది. ఆయన 1836లో వియన్నా చేరాడు. యాత్రపై సమగ్ర గ్రంథం వ్రాయకుండానే 1843లో మరణించాడు. 1848 అక్టోబరులో వియన్నాపై జరిగిన ఫిరంగి దాడిలో రాజప్రాసాదం అంటుకొని ఆయన వ్రాతప్రతులలో అధికభాగం దగ్ధమయ్యాయి. పరాన్నజీవి ఏ జంతువులో, ఎక్కడ, ఏ కాలంలో దొరికిందో తెలియకపోతే నమూనా విలువ చాలావరకు తగ్గిపోతుంది. అందువలన ఈ నష్టం పూడ్చలేనిది. అయితే డీసింగ్ 1850-51లో ప్రచురించిన గ్రంథంలో నాటరర్ నమోదు చేసిన అతిథేయి జంతువుల, ప్రాంతాల వివరాలు కొన్ని నిలిచాయి. పక్షుల వివరాలను పెల్జెల్న్ తరువాత గ్రంథస్థం చేశాడు.

గుర్తింపు

వరద మైదానాలలో విరివిగా కనిపించే ఎర్ర పిరానా చేపకు 1858లో క్నెర్ ఈయన పేరుమీద నాటరెరి అనే జాతినామం ఇచ్చాడు.