శూన్యాన్ని సాధించిన స్వామి

నేటి పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు ఇల్లూ వాకిలీ వదిలి స్వామి జ్ఞానానంద అయ్యారు. తపస్సుతో ఆగలేదు. సన్యాసం వీడకుండానే యూరప్ వెళ్ళి, ప్రాగ్‌లో ఎక్స్‌రే వర్ణపటాలపై పరిశోధన చేశారు.

శరీరంలోకి పంపే సన్నని ప్లాస్టిక్ గొట్టం ఎక్స్‌రేలో సరిగా కనపడదు. అందులోని కార్బన్ పరమాణు సంఖ్య 6 మాత్రమే. పైన బంగారం (79) పూత వేస్తే డాక్టరుకి దారి తెలుస్తుంది. గాలి తీసేసిన పాత్రలో లోహాన్ని ఆవిరి చేసి పూత పట్టించడం ఒక పద్ధతి. ఆ పూతలు స్వామివారు వేయలేదు గానీ, అందుకు కావలసిన శూన్యాన్ని సృష్టించే, కొలిచే విద్యను 1947లో ‘హై వాక్యుయా’ గ్రంథంగా ఇచ్చారు.

తర్వాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అణుభౌతిక శాఖను నిలబెట్టి, 1969లో కన్నుమూశారు. కావలి మిత్రులారా, అన్నీ వదులుకున్నాయన చదువును మాత్రం వదల్లేదు. మరి మనమో?