క్రీడావీరుడు జిమ్ థార్పు

మన పాఠశాలలలో ఫుట్‌బాలు అనగా కాలితో తన్ను గుండ్రని బంతి యాట. అమెరికా వారు ఆ పేరుతో పిలుచునది వేఱొకటి. అందు బంతి కోడిగ్రుడ్డువలె కోలగా నుండును. దానిని చేతబట్టి ఒకడు పరుగెత్తును; ఎదుటి పక్షమువారు వానిని పట్టి నేలగూల్తురు. పక్షమునకు 11 మంది. మన చెడుగుడులో కూతకు వచ్చినవానిని ఊపిరి ఆగువఱకు నిలిపియుంచిన చాలును. ఇచ్చట పట్టువాడు పరుగుమీద వచ్చి తన బరువంతయు వేసి కొట్టును. కనుక ఈ యాటలో దెబ్బ తగులుటను ప్రమాదమనుటకు వీలులేదు; అది యాటలోని భాగమే. దీనిని జీవనోపాధిగా జేసికొన్న తొలితరమువారిలో అగ్రగణ్యుడు జిమ్ థార్పు. 1920లో వృత్తి జట్లన్నియు ఒక సంఘముగా నేర్పడినపుడు దానికి ప్రథమాధ్యక్షుడు ఇతడే.

థార్పు 1887 ప్రాంతమున నేటి ఓక్లహామా రాష్ట్రములో ప్రేగ్ అను ఊరికి సమీపమున జన్మించెను. అప్పటి కది రాష్ట్రము కాదు. ఆదివాసి తెగలకు విడిచిన ప్రదేశము. తండ్రి సాక్-ఫాక్స్ తెగవాడు. తల్లి పొటవాటమీ తెగకు చెందినది. ఇరువైపులను కొంత ఐరోపా రక్తమును గలదు. తెగ భాషలో అతనికి పెట్టిన పేరు వాథోహుక్. వెలుగుబాట అని దాని కర్థము చెప్పుదురు. చార్లీ యను కవలసోదరుడు బాల్యముననే రోగమువాతబడి మరణించెను. అది మొదలు జిమ్ ఏ పాఠశాలలోను నిలువక పలుమాఱులు పారిపోయెను. కొన్నియేండ్లకు తల్లియు గతించెను. 1904లో అతనిని పెన్సిల్వేనియాలోని కార్లైల్ విద్యాలయమునకు పంపిరి. 1879లో స్థాపింపబడిన ఆ విద్యాలయపు ఉద్దేశ్యము ఆదివాసి బాలుర జుట్టు కత్తిరించి, భాష మాన్పించి, వారిని తెల్లవారి అచ్చులో పోయుట. ఉపాధ్యాయ వృత్తిలోనున్న మనము ఆ చరిత్ర చదువునపుడు తలవంచుకొనక తప్పదు. ఆ యేటనే తండ్రియు మరణింపగా జిమ్ దిక్కులేనివాడయ్యెను.

ఆ కాలమున కళాశాలల ఫుట్‌బాలు ఎట్లుండెనో కొంచెము వివరింపవలసియున్నది. 3 యత్నములలో 5 గజములు ముందుకు పోయిన చాలును. బంతి ఆ పక్షమువారికే దక్కును. అందువలన పరుగెత్తి తప్పించుకొనుటకంటె గుంపుగా గూడి త్రోయుటయే లాభముగా నుండెను. బంతి గలవానిని నడుమ నుంచుకొని, మిగిలినవారు చేతులు పెనవేసికొని, ఒక్కుమ్మడి ఎదుటివారిపై బడుదురు. క్రిందబడిన వానిమీద పదిమంది కూలుదురు. తలకు తోలుటోపీ పెట్టుకొనుట వారివారి యిష్టము. అది పిఱికితనమని నవ్వువారును లేకపోలేదు. 1905 ఒక్క ఋతువులోనే దాదాపు 18 మంది మరణించినట్లు పత్రికలు లెక్కవేసినవి. అధ్యక్షుడు థియోడోర్ రూజ్వెల్టు మొరటు ఆటలను మెచ్చుకొనువాడే. అతని కుమారుడును హార్వర్డులో ఆడుచుండెను. అట్టివాడే ఆ అక్టోబరులో హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయముల ప్రతినిధులను శ్వేతసౌధమునకు పిలిపించి, ఆటను చక్కదిద్దుకొనుడని కోరెను. 1906లో నియమములు మాఱినవి. 5 గజములకు బదులు 10 గజములు పోవలెను. బంతిని ముందునకు విసరవచ్చును. 1910లో చేతులు పెనవేసికొనుటయు, బంతి గలవానిని వెనుకనుండి త్రోయుటయు నిషేధించిరి. ఆటగాని మేనికి మెత్తలు చుట్టుటకంటె, ఆటను ఇరుకునుండి విశాలమునకు మరలించుటవలననే ఎక్కువ ప్రాణములు దక్కినవని నా తలంపు. బరువు తక్కువయు వేగము ఎక్కువయు గల కార్లైల్ బాలురకు ఆ మార్పు వరమయ్యెను.

1907లో ఒకనాడు క్రీడాస్థలము ప్రక్కనుండి పోవుచు, ఎత్తుదూకు వారికి సాధ్యముగాని కొయ్యను థార్పు పనిబట్టలతోనే దూకెనని ప్రసిద్ధమైన కథ. అది శిక్షకుడు వార్నరు చెవిని బడెను. ఇతడు జట్టులో జేరుటకు ఆ దూకే కారణము. ఫుట్‌బాలునకు మాత్రము వార్నరు వెంటనే అంగీకరింపలేదు. ఇంత మేలైన పరుగువాని కాలు విఱుగునేమో యని అతని భయము. ఆ భయము వట్టిది కాదు. కాని అభ్యాసమున థార్పు ఎదుటివారి నందఱను తప్పించుకొని రెండుసారులు ఆవలి హద్దు చేరగా, శిక్షకుడు తన భయమును విడిచెను. ఆనాటినుండి ఆ కాలు అతనిది మాత్రమే కాక విద్యాలయపు సొత్తును అయ్యెను.

1911 నవంబరులో హార్వర్డుతో జరిగిన పోటీని గూర్చి అమెరికనులు నేటికిని చెప్పుకొందురు. అంతకు ముందే థార్పు కాలికి గాయమయ్యెను. కట్టు కట్టుకొని దిగెను. హార్వర్డు శిక్షకుడు చిన్నచూపుతో మొదట తన మేటివారిని దింపక రెండవ శ్రేణివారితో ఆడించెను. థార్పు ఆ కాలితోనే నాలుగుసారులు బంతిని గోలుకొయ్యల నడుమనుండి తన్నెను. తన్నునకు 3 చొప్పున 12, గమ్యము చేరినందుకు 5, ఆ పిమ్మటి తన్నునకు 1, మొత్తము 18. హార్వర్డునకు 15. ఆట ముగియు సమయమునకు అతనికి సరిగా నిలుచు శక్తి లేదు. ఇది వీరగాథ యనుటకు సందేహము లేదు. కాని ఈ కథను బాలురకు చెప్పిన శిక్షకులు, గాయపడియు ఆడుటనే నేర్పిరి గాని, గాయపడినవానిని కూర్చుండబెట్టుట పెద్దల ధర్మమని చెప్పినవారు మిక్కిలి అరుదు.

మఱుసటియేట స్టాక్‌హోము ఒలింపిక్ పోటీలలో 5 అంశముల పోటీయందును, 10 అంశముల పోటీయందును స్వర్ణపతకములు అతనివే. ఈ కథ మనవారికి కొంత తెలిసినదే. 1909, 1910లలో వేసవి సెలవులందు ఉత్తర కరొలినాలో కొద్దిపాటి సొమ్మునకు బేస్‌బాలు ఆడినాడని 1913లో ఆ పతకములను లాగికొనిరి. రెండవవాడుగా వచ్చిన స్వీడనువాడు వీస్‌లాండరు ఆ స్వర్ణమును తనదిగా ఎన్నడును అంగీకరింపలేదు. 1912 శరదృతువుననే సైనిక కళాశాల జట్టును కార్లైల్ 27-6తో ఓడించెను. థార్పును పడగొట్టి బయటికి పంపవలెనని పూనుకొన్న ఆ జట్టువారిలో, తరువాత దేశాధ్యక్షుడైన ఐసెన్‌హోవరు ఒకడు. ఆ ఋతువులోనే ఐసెన్‌హోవరు మోకాలు చెడి, అతని యాట ముగిసెను.

1915లో ఒహాయోలోని కాంటన్ బుల్‌డాగ్సు జట్టు ఆటకు 250 డాలర్ల వంతున ఇచ్చి థార్పును పిలిచెను. ఆనాటి కది పెద్ద మొత్తము. అయినను దానికి ప్రతిగా ఇచ్చునది మేని సత్తువయే. ఎదురుదాడికిని రక్షణకును ఆ 11 మందియే ఆడవలెను. బయటికి పోయినవాడు ఆ భాగములో మరల రాగూడదు. కావున తల తిరిగినను, వ్రేలు విఱిగినను నిలిచియుండుటయే ఆచారమయ్యెను. ఓర్పు గుణము మాత్రమే కాదు. నియమము విధించిన నిర్బంధమును. 1918లో అతని మూడేండ్ల కుమారుడు మరణించెను. అది పడగొట్టినట్లు ఏ దెబ్బయు అతనిని పడగొట్టలేదని ఎఱిగినవారు చెప్పుదురు.

1920 సెప్టెంబరు 17న కాంటన్‌లోని ఒక మోటారుకార్ల అంగడిలో వృత్తిసంఘము జన్మించెను. థార్పు పేరునకు గల ఆకర్షణ కొఱకే అతనిని అధ్యక్షుని జేసిరి; ఏడాదికే మార్చిరి. 1922లో ఆ సంఘమునకు నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ అను పేరు వచ్చెను. ఆ యేటనే ఒక కుక్కల వ్యాపారి తన సరకునకు ప్రకటనగా ఆదివాసులతో ఊరాంగ్ ఇండియన్సు అను జట్టును గూర్చి, దానిని నడపుటకు థార్పును నియమించెను. విరామమున ఆటగాండ్రు కుక్కలతోడ వినోదములు చూపవలెను! 1928లో, 40 ఏండ్లు దాటిన పిమ్మట, షికాగో కార్డినల్సు పక్షమున కడపటి యాట ఆడెను.

ఆ మీదట లీగు అతనికి ఇచ్చినది ఏమియు లేదు. ఉపకారవేతనము లేదు, వైద్యసహాయము లేదు. ఆర్థికమాంద్యపు దినములలో కాలిఫోర్నియాలో గునపము పట్టి మట్టి త్రవ్వెను, చలనచిత్రములలో చిన్న వేషములు వేసెను, ఓడలలో పనిచేసెను. 1950లో పత్రికారచయితలు అతనిని అర్ధశతాబ్దపు ఉత్తమ క్రీడాకారునిగా ఎన్నుకొనిరి. 1951లో పెదవికి క్యాన్సరు వచ్చి శస్త్రచికిత్స జరిగినపుడు చేత కాసు లేదు. 1953 మార్చి 28న గుండె ఆగి మరణించెను. ఆటగాండ్రు తమ హక్కులకై సంఘమును ఏర్పఱచుకొన్నది 1956లో. థార్పు పోయి అప్పటికి 3 ఏండ్లు.

శిరస్త్రాణము ధరించి తీరవలెనను నియమము లీగునందు 1943లో గాని రాలేదు. పిమ్మట ప్లాస్టిక్ టోపీలు వచ్చినవి. పుఱ్ఱె పగులుట తగ్గెను. కాని టెంకాయకు పీచు ఎంత దట్టముగా నున్నను, విసరినపుడు లోపలి నీరు కదలక మానదు, మెదడును అట్టిదే. పైగా టోపీ గట్టిపడినకొలది ఆటగాండ్రు తలనే ఆయుధముగా జేసికొనిరి. పిట్స్‌బర్గు స్టీలర్సు జట్టున 15 ఋతువులు ఆడిన మైక్ వెబ్‌స్టర్ మతి చెదరి, నిలువనీడ లేక తిరిగి, 2002లో 50వ యేట మరణించెను. నైజీరియానుండి వచ్చిన వైద్యుడు బెన్నెట్ ఒమాలు అతని మెదడును పరీక్షించి, మాటిమాటికి తగిలిన దెబ్బలవలన అందొక మాంసకృత్తు పేరుకొనియుండుటను గుర్తించి 2005లో ప్రకటించెను. లీగు వైద్యులు ఆ వ్యాసమును ఉపసంహరింపుమని కోరిరి. ఆటకును ఈ వ్యాధికిని సంబంధము గలదని లీగు పక్షమున ఒక అధికారి ఒప్పుకొన్నది 2016లో.

థార్పు పతకముల ప్రతిరూపములు 1983లో అతని బిడ్డలకు ముట్టినవి. ఏకైక విజేతగా అతని పేరు తిరిగి నమోదైనది 2022 జూలైలో. దేహము మాత్రము జన్మభూమి చేరలేదు. పెన్సిల్వేనియాలో మాక్ చంక్ అను గనులయూరు 1954లో తన పేరు మార్చుకొని జిమ్ థార్ప్ అయ్యెను. భార్య సమ్మతిపై దేహమును అచ్చట ఉంచిరి. ఓక్లహామాకు తరలింపవలెనని కుమారులు వేసిన వ్యాజ్యము 2015లో సుప్రీముకోర్టు విచారణకు స్వీకరింపకపోవుటతో ముగిసెను. ఆ సమాధి క్రింద ఓక్లహామా మన్నును, స్టాక్‌హోము క్రీడాస్థలపు మన్నును తెచ్చి పోసిరి.