డిచ్‌పల్లి వైద్యురాలు ఇసబెల్ కెర్

కోటగిరి నుండి బోధను, నిజామాబాదుల మీదుగా హైదరాబాదుకు పోయే బాటసారికి దారిలో డిచ్‌పల్లి తగులుతుంది. అచ్చటి కుష్ఠురోగుల ఆస్పత్రితో ముడివడిన ఒక వనిత జీవితం విద్యార్థులు తెలుసుకొనదగినది.

ఇసబెల్ 1875లో స్కాట్లండులో ఒక రైతు ఇంట జన్మించింది. 1903లో ఆబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యపట్టం పుచ్చుకొని, ఆ యేడే జార్జి కెర్‌ను వివాహమాడింది. 1907లో ఆ దంపతులు మెథడిస్టు మిషను పక్షాన నిజాము రాజ్యానికి వచ్చారు. అయినవారే వెలివేయగా దిక్కులేక తిరుగుతున్న కుష్ఠురోగులను చూచి ఆమె హృదయం ద్రవించింది. రాజా నర్సాగౌడు అనే దాత విరాళంతో 1915లో డిచ్‌పల్లిలో ఆస్పత్రి వెలసింది.

ఆశ్రయం దొరికింది, మరి ఔషధమేది? ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనుగొన్నా, నలుబది యేండ్లు గడచినా నమ్మదగిన మందు లేదు. చాలమోగ్రా జాతి గింజల నూనె మన దేశంలో పూర్వంనుండీ వాడుకలో ఉన్నదే. కాని త్రాగితే కడుపులో నిలిచేది కాదు. కలకత్తాలో రోజర్సు, మ్యూర్ అనే వైద్యులు దానిని సూదిమందుగా మలచి పరీక్షించారు. ఆ విద్యను మ్యూర్ ఇతర వైద్యులకు నేర్పసాగాడు.

1920 తరువాత ఇసబెల్ ఆ పద్ధతిని డిచ్‌పల్లిలో ఆచరణలో పెట్టింది. సూది గ్రుచ్చడంతో పని తీరేది కాదు. రోగిని పీడించే ఇతర వ్యాధులను ముందుగా కుదర్చాలి. మంచి ఆహారమూ వ్యాయామమూ కల్పించాలి. ఒంటితీరు కనిపెట్టి మోతాదును కొద్దికొద్దిగా పెంచాలి. ఇది గ్రంథపఠనం మాత్రంచేత అలవడే విద్య కాదు; రోగి మంచం ప్రక్కన నిలిచి నేర్వవలసినది. 1923లో ప్రభుత్వం ఆమెను కైజర్-ఇ-హింద్ పతకంతో గౌరవించింది.

ఆ దశకంలోనే జాన్ లో అనే యువవైద్యుడు డిచ్‌పల్లికి వచ్చి ఈ సేవలో పాలుపంచుకొన్నాడు. రోగుల నడుమ చికిత్సతోపాటు పరిశోధన సాగించి, పిమ్మట కలకత్తాకు, అటుపై ఆఫ్రికాలోని నైజీరియాకు వెళ్లాడు. డాప్సోన్ అనే చౌకమందును కొద్ది మోతాదుల్లో నోటి ద్వారా ఇచ్చి నయం చేయవచ్చునని 1950 ప్రాంతంలో నిరూపించినవారిలో అతడొకడు.

ఆ విజయాన్ని ఇసబెల్ చూడలేదు. 1932లో ఆమె కన్నుమూసింది. ఆమె నమ్మిన నూనె కొందరికి, అందునా వ్యాధి తొలిదశలో ఉన్నవారికి, మేలు చేసినా సంపూర్ణమైన మందు కాలేకపోయింది. తరువాత దాని స్థానాన్ని డాప్సోన్ ఆక్రమించింది. 1980 తరువాత పలు మందులను కలిపి యిచ్చే చికిత్స వచ్చింది.

మందులు మారుతాయి. పరిశోధనాలయంలో తేలిన సత్యాన్ని రోగి గుమ్మం వరకు మోసుకొనిపోయే శిక్షణ మాత్రం ఒక చేతినుండి మరొక చేతికి అందుతూనే ఉండాలి. ఆ వరుసలో మన పొరుగునున్న డిచ్‌పల్లి ఒక పాఠశాల అయింది. ఇసబెల్ కెర్ అందులో తొలి ఉపాధ్యాయిని.