పెన్సిలు ముల్లు వెనక మనిషి

ఈమధ్య మా క్లాసులో షేర్ల జబ్బు పట్టుకుంది. జవహర్‌నగర్ నుంచి నాతోపాటు బస్సులో వచ్చే మిత్రుడొకడు, ఐరోపాలో గ్రాఫైట్ గనులు తవ్వే కంపెనీల్లో డబ్బు పెడితే ఎట్లా ఉంటుందిరా అని అడిగాడు. షేర్ల సంగతి నాకేం తెలుసు! కాని గ్రాఫైట్ అనగానే 200 ఏళ్ళ కిందట పోయిన ఒక ఫ్రెంచివాడు గుర్తొచ్చాడు. బొమ్మలు వేసే మన మిత్రులకు కోంతే క్రేయాన్ తెలిసే ఉంటుంది. ఆ పేరు ఆయనదే. నికొలా జాక్ కోంతే.

1755లో నార్మండీలో, సేయీ అనే చిన్న ఊరి దగ్గర పుట్టాడు. పేద కుటుంబం. సేయీ ఆసుపత్రిలో తోటపని చేస్తూ, పద్నాలుగేళ్ళు దాటీ దాటకముందే అక్కడి ప్రార్థనామందిరానికి బొమ్మలు వేశాడట. తరవాత పెద్దవాళ్ళ ముఖచిత్రాలు గీసి పొట్టపోసుకున్నాడు. కాని మనసంతా యంత్రాలమీదే. పారిస్ చేరి భౌతిక, రసాయన శాస్త్రాలు నేర్చుకున్నాడు. ఇంతలో విప్లవం వచ్చింది.

ఇక్కడ కోంతేని కాసేపు ఆపి గ్రాఫైట్ కథ చెప్పాలి. ఇంగ్లండులో బారోడేల్ అనే లోయ ఉంది. అక్కడి గనిలో దొరికిన గ్రాఫైట్ ఎంత శుద్ధమైనదంటే, రంపంతో కోసి పుల్లలు చేస్తే అదే పెన్సిలు. ఫిరంగి గుండ్ల అచ్చులకు లోపల పూయడానికీ అదే కావాలి. అందుకని గనిని ఏడాది పొడుగునా తవ్వేవారు కాదు. కొన్నాళ్ళు తవ్వి మూసేసేవారు, ధర పడిపోకుండా. దొంగతనాలు పెరిగితే 1752లో పార్లమెంటు ఏకంగా చట్టమే చేసింది. ఐరోపాలో మరెక్కడా అంత మంచి సరుకు లేదు. జర్మనీ వాళ్ళు నాసిరకం పొడిని గంధకంతోనో జిగురుతోనో కలిపి తంటాలుపడేవారు. ఆ పెన్సిళ్ళు గీసేకన్నా విరగడమే ఎక్కువ!

1793 ఫిబ్రవరిలో ఫ్రాన్సుకూ ఇంగ్లండుకూ యుద్ధం మొదలైంది. గ్రాఫైట్ ఆగిపోయింది. సేనానికి పటం గీయాలన్నా, ఇంజనీరుకు కోట గీయాలన్నా పెన్సిలు కావాలి కదా. యుద్ధ వ్యవహారాలు చూస్తున్న కార్నో ఈ పని కోంతేకి అప్పగించాడు.

కోంతే గని కోసం వెతకలేదు. చేతిలో ఉన్నది ఫ్రాన్సులో దొరికే చెత్త పొడి. దాన్ని మెత్తగా నూరాడు. కడిగి వడపోసిన బంకమన్ను కలిపాడు. ముద్దచేసి, గాళ్ళలో నొక్కి, సన్నని పుల్లలు తీసి ఆరబెట్టాడు. తరవాత గాలి తగలకుండా మూసిన పాత్రలో పెట్టి కాల్చాడు. కుమ్మరి ఆవం లాంటి పనే! మన్ను ఎక్కువైతే గట్టి పెన్సిలు, తక్కువైతే మెత్తని నల్ల పెన్సిలు. కోసిన రాయికి లేని ఈ వెసులుబాటు కాల్చిన ముద్దకు వచ్చింది. ఇవాళ మన జేబులో ఉన్న హెచ్.బి. పెన్సిలు ఆ లెక్క మీదే నడుస్తోంది. 1795 జనవరిలో పేటెంటు చేతికొచ్చింది. ఇంచుమించు ఆ రోజుల్లోనే వియన్నాలో హార్ట్‌ముట్ అనే ఆయన కూడా ఇదే దారి పట్టాడు. ఆ కంపెనీయే తరవాత తన పెన్సిలుకు మన కృష్ణాతీరపు వజ్రం కోహినూర్ పేరు పెట్టుకుంది. రెండూ కర్బనమే కనక పెట్టుకోవచ్చు లెండి!

మా మిత్రుడికి నేను చెప్పదలచింది ఇక్కడే ఉంది. ఇప్పుడు గ్రాఫైట్ కావలసింది బ్యాటరీలకు. లిథియం బ్యాటరీలో లిథియంకంటే గ్రాఫైట్ బరువే ఎక్కువ. ప్రపంచంలో తవ్వే సహజ గ్రాఫైట్‌లో ముప్పాతిక వంతుదాకా చైనాదే. బ్యాటరీకి పనికొచ్చేలా తయారుచేసే పనిలో అయితే ఆ దేశం వాటా 90 శాతం పైనే. గనిలోంచి వచ్చిన రేకుల్ని గుండ్రటి రేణువులుగా చెయ్యాలి, 99.95 శాతందాకా శుద్ధి చెయ్యాలి. ఈ చెక్కుడులో సగం సరుకు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, పక్కకు పోతుంది. 2023 డిసెంబరు 1 నుంచి చైనా ఈ ఎగుమతులకు లైసెన్సు అడగడం మొదలుపెట్టింది. బారోడేల్ మళ్ళీ మూసుకున్నట్టే కదా!

ఐరోపా సమాఖ్య 2024లో కీలక ఖనిజాల చట్టం తెచ్చింది. 2030 నాటికి తమ అవసరాల్లో 10 శాతం తవ్వాలని, 40 శాతం శుద్ధిచెయ్యాలని, 25 శాతం పాతవాటిలోంచి తియ్యాలని లక్ష్యాలు పెట్టుకుంది. ఆ అంకెల్ని చూడండి. తవ్వకానికి 10, శుద్ధికి 40! స్వీడన్‌లో విట్టాంగి దగ్గర గని తెరవాలనుకున్న టాల్గా కంపెనీ కూడా ఒట్టి గనితో ఊరుకోలేదు. లూలియో పట్టణంలో యానోడ్ కర్మాగారం కూడా తలపెట్టింది. కనుక షేరు కొనేవాడు భూమిలో ఎన్ని టన్నులుందని అడిగితే చాలదు. దాన్ని శుద్ధిచేసేదెవరు, ఆ ఖర్చెంత అని అడగాలి. పత్రికా ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేది మొదటి అంకే.

మా జవహర్‌నగర్ చెత్తగుట్ట మీదికి చేరే పాత సెల్‌ఫోన్ బ్యాటరీలోనూ గ్రాఫైట్ ఉంటుంది. ఆ పక్కనే చర్లపల్లిలో సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ ప్రయోగశాల ఎలక్ట్రానిక్ చెత్తలోంచి లోహాలు తీసే పద్ధతులమీద పనిచేస్తోంది. మన దేశం 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలో గ్రాఫైట్ ఉంది. కోంతే ఇవాళ ఉంటే ఏ గనికీ వెళ్ళకుండా ముందు ఈ గుట్ట దగ్గరకే వచ్చేవాడని నా నమ్మకం.

ఆ మనిషి తీరే అంత. మెదాఁ పట్టణంలో సైన్యపు బెలూన్ల కోసం హైడ్రోజన్‌తో ప్రయోగాలు చేస్తుంటే పేలుడు జరిగి ఎడమ కన్ను పోయింది. అయినా పని ఆపలేదు. 1798లో బొనపార్టుతో ఈజిప్టు వెళ్ళాడు. ఓడలు అబూకిర్ దగ్గర ఇంగ్లీషు నౌకాదళం పాలయ్యాయి. కైరో తిరుగుబాటులో పనిముట్లు లూటీ అయ్యాయి. ఫ్రాన్సు నుంచి మేకు కూడా వచ్చే దారి లేదు. అప్పుడాయన పనిముట్లు చేసే పనిముట్లతో మొదలుపెట్టి గాలిమరలు, నాణేల అచ్చులు, కత్తులు, వైద్యుల శస్త్రాలు, చివరికి బట్టతో సహా అక్కడే తయారుచేయించాడు. ఖాళీ దొరికినప్పుడు ఈజిప్టు వృత్తిపనివాళ్ళ బొమ్మలు వేశాడు. దాడి చేయడానికి వెళ్ళిన దేశమే అయినా ఆ బొమ్మల్లో పనివాడి చేతుల్ని ఎంతో శ్రద్ధగా గీశాడు. నాకు ఆయనమీద గౌరవం పెరిగింది అక్కడే.

తిరిగొచ్చాక ఈజిప్టు వర్ణన అనే మహాగ్రంథానికి చెక్కుడు పలకలు త్వరగా తయారయ్యేందుకు ఒక యంత్రం కట్టాడు. అది అచ్చు కావడం చూడలేదు. భార్య పోయిన తరవాత ఎక్కువ కాలం బతకలేదు. 1805 డిసెంబరు 6న, యాభయ్యో ఏట, పారిస్‌లో కన్నుమూశాడు. పెన్సిళ్ళ ఫ్యాక్టరీని అల్లుడు ఉంబ్లో నడిపించాడు, మామగారి పేరు తన పేరుకు తగిలించుకుని మరీ.